నవ్వించే మాయాచిత్రాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

పాత జానపద, సోషియో ఫాంటసీ చిత్రాలలోని హాస్యం గురించీ, మరుగునపడిన అలాంటి చిత్రాలను వెతికి సేకరించడం గురించీ పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఒకే సంగతిని పలువురు అడిగిన చోట ఆ ప్రశ్నలను ఒకటిగా కలిపాము.

ప్రశ్న: ‘మాయాబజార్’, ‘పాతాళ భైరవి’, ‘జగదేకవీరుని కథ’ మా ఇంట్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. వాటిని దాటి, మాయలూ నవ్వులూ కలిసి ఉండి, ఈ రోజుల్లో అంతగా ఎవరూ తలచుకోని తెలుగు చిత్రాలు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: ‘గుణసుందరి కథ’తో మొదలుపెట్టండి. ‘పాతాళ భైరవి’కి రెండేళ్ళ ముందు, 1949లో, వాహినీ సంస్థకు కె.వి. రెడ్డి తీసిన చిత్రం ఇది. షేక్స్‌పియర్ ‘కింగ్ లియర్’ నాటకంలోని తండ్రీ ముగ్గురు కూతుళ్ళ వృత్తాంతాన్ని బీజంగా తీసుకొని, దాన్ని పూర్తిగా మన పేదరాశి పెద్దమ్మ కథల లోకంలో నాటిన రచన పింగళి నాగేంద్రరావుది. కూతురి మాటకు కోపగించిన రాజు ఆమెను ఒక వికృతరూపికి కట్టబెడతాడు. శాపగ్రస్తుడైన ఆ అల్లుడు దైవాధీనం పాత్రను ధరించినవాడు హాస్యనటుడు కస్తూరి శివరావు. సాధారణంగా జానపద చిత్రంలో హాస్యగాడు కథానాయకుని వెంట నడుస్తాడు, ఆపద వచ్చినప్పుడు చెట్టు చాటున దాక్కుంటాడు, చివరకు చెలికత్తెను పెళ్ళాడతాడు. ఇక్కడ కథ బరువంతా హాస్యనటుని భుజాల మీదనే ఉంది. రాజు ప్రాణం నిలపగల మహేంద్రమణి కోసం సాగే అన్వేషణలో మనకు నవ్వు వస్తున్నంతసేపూ గుణసుందరిగా నటించిన జూనియర్ శ్రీరంజని దుఃఖం ఆ నవ్వు అడుగున వినిపిస్తూనే ఉంటుంది. నా దృష్టిలో మన హాస్య జానపదాలలో ఇంతకంటే సాహసమైన పాత్రధారణ ఎంపిక మరొకటి లేదు.

తరువాత పరమానందయ్య శిష్యుల కథను రెండు రూపాల్లో చూసే ప్రయత్నం చేయండి. కస్తూరి శివరావు స్వయంగా దర్శకత్వం వహించి, అక్కినేని నాగేశ్వరరావును నటింపజేసి 1950లో తీసినది మొదటిది, సి. పుల్లయ్య దర్శకత్వంలో ఎన్.టి. రామారావు, కె.ఆర్. విజయ నటించగా 1966లో వచ్చినది రెండవది. రెండవ దానిలో నాగయ్య గురువు, పద్మనాభం, అల్లు రామలింగయ్య, రాజబాబు వంటివారు శిష్యులు. వాళ్ళ తెలివితక్కువతనం నోటినోటా వచ్చిన మన పల్లెకథల సొత్తు కనుక హాస్యం కొత్తదేమీ కాదు. అయితే అప్సరస శాపమూ భక్తీ వంటి గంభీరమైన కథ పక్కనే ఆ శిష్యులు తిరుగుతూ ఉండడం వల్ల, ఒకే చిత్రంలో స్వర్గమూ గురువుగారి పెరడూ ఇరుగుపొరుగులు అవుతాయి.

బాపు, ముళ్ళపూడి వెంకటరమణల ‘రాజాధిరాజు’ (1980) ఇంకా అరుదుగా ప్రస్తావనకు వచ్చే చిత్రం. క్రైస్తవ నేపథ్యంలో, సైతానునే మనుషుల మధ్యకు రప్పించి, నూతన్ ప్రసాద్ చేత ఆ పాత్ర వేయించి వ్యంగ్యంగా తీసిన సోషియో ఫాంటసీ అది. జానపద దుస్తుల కోసం వెతికేవారు దాన్ని దాటిపోతారు. దాటిపోవద్దని నా మనవి.

ప్రశ్న: మన చిత్రాలలో యమలోకం మాటిమాటికీ హాస్యానికి వేదిక అవుతుంది. మరణానికి అధిపతి అయిన దేవునితో ఇంత చనువు ఎలా వచ్చింది? ఈ వరుసలో మొదటి చిత్రం ఏది? (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: ఆధునిక యువకుడు యమలోకానికి వెళ్ళి అక్కడి పాలనను తలకిందులు చేసే కథకు తెలుగులో దారి వేసినది సి. పుల్లయ్య 1960లో తీసిన ‘దేవాంతకుడు’. ఎన్.టి. రామారావు కథానాయకుడు, ఎస్.వి. రంగారావు యముడు. దానికి మూలం 1958 నాటి బెంగాలీ చిత్రం ‘యమాలయే జీవంత మానుష్’. అందులో కథానాయకుడు ప్రసిద్ధ హాస్యనటుడు భాను బందోపాధ్యాయ. అదే ఊహ 1977లో తాతినేని రామారావు దర్శకత్వంలో ‘యమగోల’గా మరింత పెద్ద విజయం సాధించి, 1979లో జితేంద్రతో హిందీ ‘లోక్ పర్‌లోక్’ అయింది. ‘యముడికి మొగుడు’ (1988), ‘యమలీల’ (1994) అదే కొమ్మకు పూచినవి. ‘యమగోల’లోనూ ఆ తరువాతి ఈ రెండు చిత్రాలలోనూ కైకాల సత్యనారాయణే యముడు కావడంతో ఒక తరం తెలుగువారికి యముడంటే ఆయన రూపమే మనసులో మెదులుతుంది.

ఇంత వైభవం మధ్య ‘దేవాంతకుడు’ మరుగునపడింది కానీ, ఈ వరుసలో శ్రద్ధగా చూడవలసిన చిత్రం అదేనని నా అభిప్రాయం. పుల్లయ్య 1933లో తీసిన ‘సావిత్రి’లో వేమూరి గగ్గయ్య యముడు, రామతిలకం సావిత్రి. ఆ పురాణకథలో సావిత్రి యముణ్ణి బలంతో గెలవదు. ఆయన ఇచ్చిన మాటకే ఆయన్ను కట్టుబడేటట్లు చేసి, వరం వెంట వరం అడిగి, చివరకు ధర్మం ప్రకారమే భర్త ప్రాణం తిరిగి తెచ్చుకుంటుంది. ఇరవై ఏడు సంవత్సరాల తరువాత అదే దర్శకుడు అదే యమునితో వాదనను హాస్యంగా నడిపించాడు. అంటే మీరు అడిగిన చనువు సినిమా తెచ్చిపెట్టినది కాదు. యముడు మాటకూ నియమానికీ బద్ధుడన్న నమ్మకం సావిత్రి కథలోనే ఉంది, ఆ నమ్మకం లేకపోతే ఈ హాస్యం పుట్టదు. చిత్రగుప్తుని చిట్టాలు, ఆయుర్దాయపు లెక్కలు, పాశాలు పట్టుకొని తిరిగే భటులు, పాపానికి తగిన శిక్షల పట్టిక వంటివన్నీ మన ఊహలో యమలోకాన్ని ఎప్పుడో కచేరీగా మార్చివేశాయి. కచేరీ ఉన్న చోట పొరపాటు ఉంటుంది, పొరపాటు ఉన్న చోట అర్జీ ఉంటుంది, అర్జీకి జవాబు రాకపోతే సమ్మె వస్తుంది. ‘యమగోల’లో యమభటుల సమ్మెను చూసేటప్పుడు, సమ్మెలకు తావివ్వని అత్యవసర పరిస్థితి తొలగిన సంవత్సరమే ఆ చిత్రం విడుదలైందని గుర్తుంచుకోండి; అప్పటి ప్రేక్షకులు ఆ సన్నివేశానికి నవ్విన నవ్వులో మనకు ఇప్పుడు అందని పదును కొంత ఉండి ఉంటుందని నేను భావిస్తాను.

ప్రశ్న: మా నాన్నగారు ఎప్పుడో కొన్న వీసీడీలో ఒక జానపద చిత్రం రెండు గంటల పది నిమిషాలే ఉంది. హాలులో మూడు గంటలు చూశామని ఆయన అంటారు. నిజంగా ఎంత పోయిందో తెలుసుకొనే మార్గం ఉందా? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: ఉంది. సేకరణ మొదలుపెట్టినవారు ముందుగా నేర్చుకోవలసిన లెక్క ఇదే. 35 ఎం.ఎం. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల వేగంతో నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. మీటర్లలో అయితే సుమారు 27.4. చిత్రం ఆరంభంలో కనిపించే సెన్సారు సర్టిఫికెట్టు మీద గాని, ఆనాటి ప్రకటనలలో గాని నిడివి అడుగులలోనో మీటర్లలోనో దొరికితే దాన్ని నిమిషాలలోకి మార్చుకోవచ్చు. ఉదాహరణకు 16,200 అడుగుల చిత్రం సరిగ్గా మూడు గంటలు నడవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన దేశంలో టీవీకి, వీసీడీకి వాడిన పాల్ (PAL) అనే వీడియో పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు పోతాయి. అందువల్ల ఒక్క దృశ్యం కూడా కత్తిరించకపోయినా 180 నిమిషాల చిత్రం 173 నిమిషాలకే ముగుస్తుంది, పాటల శ్రుతి కూడా కాస్త పెరుగుతుంది. ఆ ఏడు నిమిషాలను నష్టంగా లెక్కించకూడదు. మీ వీసీడీ విషయంలో మాత్రం, నాన్నగారి జ్ఞాపకం సరైనదే అయితే, నలభై నిమిషాలకు పైగా కోత పడినట్లే.

ఆ నలభై నిమిషాలు ఏమై ఉంటాయన్నదే నన్ను బాధపెట్టే విషయం. నిడివి తగ్గించాలని కూర్చున్నవారికి మొదట కంటపడేది హాస్యమే. రాకుమారి అపహరణను తీసివేస్తే కథ అర్థం కాదు కానీ, రేలంగి వచ్చి వెళ్ళే రెండు సన్నివేశాలను తీసివేస్తే ఎవరికీ తెలియదని వారి అంచనా. ఫలితంగా మన చేతికి వచ్చే ప్రతిలో మాంత్రికుడూ కత్తియుద్ధమూ మిగిలి, నవ్వు మాయమవుతుంది. ఆ ప్రతిని చూసిన కొత్తతరం వారు ఈ చిత్రాలు బరువుగా, మందకొడిగా ఉన్నాయని అనుకుంటారు. నిజానికి ఈ చిత్రాలలో మాయను నమ్మించే బాధ్యత సగం హాస్యగాడిదే. కదిలే బొమ్మను చూసి అతడు అదిరిపడితేనే అది నిజంగా కదిలిందని మనం ఒప్పుకుంటాము.

కోతలను పట్టుకోవడానికి పాటల పుస్తకం గొప్ప సాధనం. సినిమా హాళ్ళ దగ్గర కొన్ని అణాలకు అమ్మిన ఆ చిన్న పుస్తకాలలో తారాగణం, పాటల సాహిత్యం, కథాసంగ్రహం ఉండేవి. కథను ఉత్కంఠ ఉన్న చోట ఆపి, మిగిలినది వెండితెర మీద చూడమని పాఠకుణ్ణి హాలుకు పంపించేవారు. పుస్తకంలో ఉండి మీ ప్రతిలో లేని పాటలను, పేరు ఉండి ముఖం కనిపించని నటులను గుర్తు పెట్టుకోండి. ఆకాశవాణి ప్రసారం చేసిన సంక్షిప్త శబ్దచిత్రాలను ఎవరైనా ఇంట్లో టేపు మీద రికార్డు చేసి ఉంటే వాటినీ వదలకండి. బొమ్మ లేకపోయినా, మీ వీసీడీలో లేని హాస్య సంభాషణ అక్కడ దొరికే అవకాశం ఉంది. ఒకే చిత్రానికి వేర్వేరు సంస్థలు తెచ్చిన ప్రతులు కనబడితే, ఒకటి ఉంది కదా అని రెండవదాన్ని వదిలివేయవద్దు. వాటిలో కోతలు వేర్వేరు చోట్ల పడి ఉండవచ్చు.

ప్రశ్న: డాలస్‌లో పెరుగుతున్న మా పిల్లలు కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు అలవాటుపడ్డారు. పాత చిత్రాలలోని మాయలు వారికి పేలవంగా కనిపిస్తున్నాయి. ఎలా చూపించాలి? (అమెరికా నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: చిత్రమంతా ఒకేసారి చూపించకుండా, ఒక్క మాయను ఎంచుకొని రెండుమూడుసార్లు చూపించి, ఎలా చేశారో వారినే చెప్పమనండి. మనిషి అదృశ్యం కావాలంటే కెమెరాను ఆపి, ఆ నటుణ్ణి తప్పించి, మిగిలినవారు నిలుచున్న భంగిమ చెదరకుండా ఉండగా మళ్ళీ నడిపించాలి. ఒకే నటుడు రెండు రూపాల్లో ఎదురెదురుగా నిలబడాలంటే లెన్సులో సగభాగాన్ని మూసి చిత్రించి, అదే ఫిల్మును వెనక్కి తిప్పి, రెండవ సగాన్ని మళ్ళీ ఎక్స్‌పోజ్ చేయాలి; కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండు సగాల మధ్య గీత బయటపడుతుంది. వస్తువు దానంతట అదే ఎగిరి చేతిలోకి రావాలంటే చేతిలోనుంచి పడవేసిన దృశ్యాన్ని వెనుక నుంచి ముందుకు నడిపించవచ్చు. చేతిలో ఉన్న ఫోనుతో పిల్లలే ఈ మూడింటినీ ఇంట్లో చేసి చూడగలరు.

అలా చేసి చూసిన పిల్లలకు నటుల పని ఎంత కష్టమో తెలుస్తుంది. ఎదుట లేని భూతాన్ని చూసి భయపడాలి, కెమెరా ఆగినంతసేపూ నవ్వు ముఖాన్ని అలాగే నిలిపి ఉంచాలి, అదీగాక తన రెండవ రూపం మాట్లాడడానికి సరిపడేంత వ్యవధిని లెక్కపెట్టి వదిలిపెట్టాలి. ఎస్.వి. రంగారావు, రేలంగి, రమణారెడ్డి వంటివారి హాస్యంలో మనం మెచ్చుకొనే ఆ విరామాలు కొన్ని చోట్ల ఈ సాంకేతిక నిర్బంధం నుంచే తయారయ్యాయి. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంలో ‘మాయాబజార్’ వెన్నెల దృశ్యాలను స్టూడియోలో సృష్టించిన సంగతీ, ‘సీతారామ కళ్యాణం’ (1961)తో తెలుగు తెరకు వచ్చిన రవికాంత్ నగాయిచ్ ట్రిక్ ఫోటోగ్రఫీతో పేరు తెచ్చుకొని, తరువాత హిందీలో ‘ఫర్జ్’ (1967) చిత్రానికి దర్శకుడైన సంగతీ వారికి చెప్పండి.

సెలవులకు వచ్చినప్పుడు వీలైతే సురభి వారి ‘మాయాబజార్’ నాటకానికి తీసుకువెళ్ళండి. కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 1885లో మొదలైన ఆ కుటుంబ నాటక సంప్రదాయం ఇప్పటికీ కొనసాగుతున్నది. కళ్ళ ఎదుటే, తీగలతో, తెరలతో, దీపాలతో జరిగే ఆ మాయలను చూసినవారికి మన జానపద చిత్రాల పుట్టిల్లు ఏదో మాటలతో వివరించనక్కరలేదు.

ప్రశ్న: మా తాతగారు దాచిన సుమారు వంద పాటల పుస్తకాలు, కొన్ని వాల్‌పోస్టర్లు నా దగ్గర ఉన్నాయి. కాగితం పసుపు పచ్చగా మారి అంచులు విరుగుతున్నాయి. లామినేషన్ చేయించమంటారా? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: దయచేసి వద్దు. లామినేషన్ వేడికీ జిగురుకూ గురైన కాగితాన్ని మళ్ళీ విడదీయలేము. పారదర్శకమైన టేపు కూడా వాడకండి; దాని జిగురు కాలక్రమేణా గోధుమరంగు మరకగా కాగితంలోకి దిగుతుంది. చవకరకం అచ్చుకాగితంలోనే ఆమ్లం ఉంటుంది కనుక పసుపుదనాన్ని పూర్తిగా ఆపలేము కానీ, వెలుతురు, వేడి, తేమ తగలకుండా చూస్తే దాని వేగం బాగా తగ్గుతుంది. మీది సముద్రతీరపు ఊరు కాబట్టి తేమే ప్రధాన శత్రువు. తుప్పుపట్టిన పిన్నులను మెల్లగా తీసివేసి, ఒక్కొక్క పుస్తకాన్ని ఆమ్లరహిత కాగితంలో గాని పాలిస్టర్ కవరులో గాని ఉంచి, బీరువాను బయటి గోడకు ఆనించకుండా పెట్టండి. పోస్టర్లను మడత పెట్టకుండా పరిచి గాని, వెడల్పైన గొట్టానికి చుట్టి గాని ఉంచాలి. అన్నిటికంటే ముందు ప్రతి పుటనూ, అట్టనూ, వెనుక ఉన్న ప్రకటననూ కూడా 600 డీపీఐలో స్కాన్ చేయించండి. ముద్రణాలయం పేరూ వెలా ఉన్న చివరి పుటను చాలామంది వదిలేస్తారు. పరిశోధకులకు కావలసినది తరచుగా అక్కడే ఉంటుంది.

ప్రశ్న: మూతపడిన టూరింగ్ టాకీసుకు చెందిన షెడ్డులో కొన్ని రీళ్ళ డబ్బాలు దొరికాయి. ఒక డబ్బా మీద పాత జానపద చిత్రం పేరు ఉంది. మూత తీస్తే ఘాటైన వాసన వచ్చింది. ప్రొజెక్టరు మీద నడిపించి చూడవచ్చా? బాగుంటే ఇంటర్నెట్‌లో అందరికోసం పెట్టాలని ఉంది. (కర్నూలు నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: నడిపించవద్దు. ఎండి కుంచించుకుపోయిన ఫిల్ము రంధ్రాలు ప్రొజెక్టరు పళ్ళకు సరిపోక చిరిగిపోతాయి. బహుశా ఆ చిత్రానికి మిగిలిన ఏకైక ప్రతి మీ చేతిలోనే నాశనం కావచ్చు.

ముందుగా ఆ ఫిల్ము ఏ రకమో తెలియాలి. 1950ల ఆరంభం వరకు 35 ఎం.ఎం. చిత్రాలకు నైట్రేట్ ఫిల్ము వాడకంలో ఉండేది. అది సులభంగా అంటుకుంటుంది, మండడానికి కావలసిన ఆమ్లజని దానిలోనే ఉండడం వల్ల నీరు పోసినా ఆరదు. 2003 జనవరిలో పూణెలో నైట్రేట్ ఫిల్ములు దాచిన చోట జరిగిన అగ్నిప్రమాదంలో మన తొలినాటి చిత్రాల ప్రతులు ఎన్నో బూడిదయ్యాయి. మీ రీళ్ళ అంచున ఆంగ్లంలో ‘సేఫ్టీ’ అని ముద్రించి ఉంటే అది అసిటేట్ రకం కావచ్చును. అప్పుడు ఆ ఘాటు సిర్కా (వెనిగర్) వాసనే అయి ఉంటుంది. అసిటేట్ శిథిలమయ్యేటప్పుడు వెలువడే ఆమ్లం పక్క డబ్బాలలోని ఫిల్మును కూడా పాడుచేస్తుంది కనుక వాసన వచ్చే డబ్బాలను వేరుగా ఉంచాలి. ‘సేఫ్టీ’ అన్న ముద్ర లేకపోయినా, ఫిల్ము జిగటగా మారినా, నురుగు గాని గోధుమరంగు పొడి గాని కనిపించినా ఇంకేమీ చేయకండి. డబ్బాలను ఇంట్లోకి తేకుండా, ఎండ తగలని, గాలి ఆడే చోట, నిప్పుకూ విద్యుత్ తీగలకూ దూరంగా ఉంచి, నిపుణులకు కబురు చేయండి.

1964లో పూణెలో ఏర్పడి, పి.కె. నాయర్ కృషితో పెరిగి, ఇప్పుడు జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్.ఎఫ్.డి.సి.)లో భాగమైన జాతీయ ఫిల్ము భాండాగారం, ముంబయిలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఇటువంటి రీళ్ళను పరీక్షించి భద్రపరచగల సంస్థలు. వారికి రాసేటప్పుడు డబ్బాల సంఖ్య, వాటి మీది రాతలు, అంచు ముద్రల ఫోటోలు, రీళ్ళు దొరికిన చోటు స్పష్టంగా తెలపండి. డబ్బా మీది పేరును మాత్రం పూర్తిగా నమ్మకండి. టాకీసు పనివారు ఖాళీ అయిన డబ్బాలో మరొక చిత్రపు రీలు పెట్టడం మామూలే. మీరు చదివిన పేరు గల చిత్రం కాకుండా, ఇక దొరకదని అందరూ వదులుకున్న మరొకటి అందులో ఉండవచ్చును.

ఇంటర్నెట్‌లో పెట్టే విషయం హక్కుల మీద ఆధారపడి ఉంటుంది. మన కాపీరైటు చట్టం ప్రకారం చలనచిత్రానికి విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి లెక్కించి 60 సంవత్సరాలు రక్షణ ఉంటుంది. 1960లో వచ్చిన చిత్రానికి 2020 చివరితో, 1966లో వచ్చిన దానికి 2026 చివరితో ఆ గడువు ముగుస్తుంది. అయితే తరువాత రంగులద్దిన ప్రతికీ, చిత్రానికి ఆధారమైన కథకూ సాహిత్యానికీ వేరే హక్కులు ఉండవచ్చు కనుక, గడువు తీరిందని మీరే నిర్ణయించుకోకుండా న్యాయవాదిని అడగండి. రీళ్ళను సంస్థకు అప్పగించేటప్పుడు, స్కాన్ అయిన ప్రతిని మీకు ఇస్తారా, మీ ఊళ్ళో ఒకసారి ప్రదర్శించడానికి అనుమతిస్తారా అన్న రెండు విషయాలనూ ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.